తూము: నాలుగు ట్రాలీల మట్టి అప్పు

2023 ఫిబ్రవరిలో వేరే పని మీద ఒక ఐటీ క్యాంపస్‌కి వెళ్లినప్పుడు క్యాంటీన్ వెనక, జనరేటర్ షెడ్డు పక్కన నా చేప కనిపించింది. 2018లో ప్రపంచ పర్యావరణ దినోత్సవం కోసం దాన్ని చేసింది నేనే. పద్నాలుగు అడుగుల పొడవు, లోపల 140 కిలోల ఇనుప చట్రం, పైన పొలుసుల్లాగా మూడు వేల వాటర్ బాటిళ్లు. ఆ ఏడు జూన్ 5 వేడుకలకి ఆతిథ్య దేశం మనమే, నినాదం ప్లాస్టిక్ కాలుష్యం మీద. ఏ కాలేజీ గేటు దగ్గర చూసినా ప్లాస్టిక్ చేపలే. నాది కొంచెం పెద్దది, అంతే తేడా.

తోక ఊడి పక్కన పడి ఉంది. పొట్ట దగ్గర ఒక సీసాను బొటనవేలితో నొక్కితే కాల్చిన అప్పడంలా విరిగింది. ముక్కలు గడ్డిలో రాలాయి. ఏరబోతే వేళ్ల మధ్యే ఇంకా సన్నపు ముక్కలయ్యాయి. ఐదేళ్లు ఎండలో నిలబెడితే ప్లాస్టిక్ ఇలాగే అవుతుందని నాకు తెలియక కాదు. ప్రారంభోత్సవం ఫొటోలు వచ్చాక నేను మళ్లీ అటు చూడలేదు.

పాత సామాన్లు కొనే అతన్ని పిలిపించాం. చుట్టూ తిరిగి చూసి, "ఇనుము ఇయ్యండి సార్, సీసాలు వద్దు. రంగేసిన సీసా ఎవరు కొంటరు?" అన్నాడు.

ఆ మాట దగ్గరే ఆగిపోయాను. రంగు లేని పెట్ బాటిల్‌ని కిలోల లెక్కన కొంటారు. తునకలు చేసి కరిగించి దారం తీస్తారు. అంటే ఆ మూడు వేల సీసాలకీ అప్పటికే ఒక దారి ఉంది. చెత్త ఏరే ఆడవాళ్లు వాటిని ఏరి షాపుకి చేర్చేశారు కూడా. నేను మధ్యలో దూరి, అదే షాపులో కొని, నీలం రంగు స్ప్రే కొట్టి, బైండింగ్ వైరుతో బిగించి, ఎవరికీ పనికిరాకుండా చేశాను. కింద 'పర్యావరణ స్పృహ' అని బోర్డు.

మార్చిలో ఇంకో సంస్థ నుంచి ఫోన్. మళ్లీ జూన్ 5కే, నినాదం కూడా మళ్లీ ప్లాస్టిక్ మీదే, ఆతిథ్య దేశం మాత్రం ఈసారి కోట్ డివోర్. "మీరు చేసిన ఫిష్ ఫొటో చూశాం సార్. అలాగే మాకొక వేల్ చేస్తారా?" అన్నారు. చేస్తాను గానీ వేల్ కాదు, సీసాలు కూడా కాదు అన్నాను. పని ఎలా ఉంటుందో చెప్పే ముందు అది చివరికి ఎలా పోతుందో ఒక కాగితం మీద రాసుకుందాం అన్నాను. ప్రతి సామానుకీ ఒక వరస: ఎక్కడి నుంచి వస్తుంది, మూడు నెలలయ్యాక ఎక్కడికి పోతుంది, ఎవరు తీసుకెళ్తారు, ఆ ఖర్చు ఎవరిది. ఏ గడి ఖాళీగా మిగిలినా ఆ సామాను వాడకూడదు. మా షెడ్డులో కుర్రాళ్లు దానికి 'పోయే చీటీ' అని పేరు పెట్టారు.

ఆ చీటీలో మొదట పోయింది ఫైబర్. రెజిన్‌లో హార్డెనర్ కలిపి ఒకసారి గట్టిపడనిస్తే ఇక దాన్ని కరిగించి మళ్లీ వాడే వీలు లేదు. మాకు అన్నం పెట్టేది అదే. కూడళ్లలో కంచు రంగుతో మెరిసే విగ్రహాల్లో చాలావాటి లోపల ఉన్నది ఫైబరే. తర్వాత థర్మకోల్ పోయింది, సిమెంట్ పోయింది. మిగిలినవి మట్టి, వెదురు, గడ్డి, కొబ్బరి తాడు, తాటి దూలాలు. వినాయకుణ్ణి చేసుకునే సామానే.

ఫోన్ చేసిన ఆ సంస్థ క్యాంపస్ ఉన్నచోటు ఒకప్పుడు చెరువు కింది ఆయకట్టు. చెరువు ఇప్పటికీ ఉంది, చిక్కిపోయి, డ్రైనేజీ నీళ్లతో. దానికి తూము ఉండేది. చూడనివాళ్లకి చెప్తాను: చెరువు లోపలి వైపు, కట్టకి దగ్గరగా రెండు నిలువు రాళ్లు. వాటి మధ్య అడ్డంగా రెండు మూడు బండలు, ప్రతి బండకీ ఒక రంధ్రం. ఆ రంధ్రాల గుండా పైనుంచి కిందికి ఒక పొడవాటి కర్ర, దాని అడుగున బిరడా. నీరటి ఆ కర్ర లేపితే కాలువకి నీళ్లు, దించితే బంద్. ఎవరి పొలానికి ఎంతసేపు అనేది ఆయన చేతిలో ఉండేది. ఆ తూమునే పదకొండు అడుగుల ఎత్తున పచ్చిమట్టితో వాళ్ల లాన్‌లో నిలబెడతాను, వానాకాలం దాన్ని కరిగిస్తుంది, అక్టోబర్‌లో మిగిలింది తీసుకుపోతాను అన్నాను.

డిజైన్‌కి ఒప్పుకున్నారు. బోర్డు మీద 'ఆయకట్టు' అనే మాట మాత్రం వద్దని వాళ్ల లీగల్ టీమ్ అంది. రెండు మీటింగులు దాని మీదే నడిచాయి. చివరికి బోర్డు మీద 'తూము' అన్న ఒక్క మాటే మిగిలింది. నేను రాసిచ్చిన పేరా కంటే అదే నయమని తర్వాత అనిపించింది.

మట్టి

పక్క చెరువులో మట్టి ఉంది కదా అంటారు. ఉంది, కానీ డ్రైనేజీ కలిసిన ఆ పూడికని పని అయ్యాక ఏ రైతూ పొలంలో వేయనివ్వడు. చీటీలో గడి ఖాళీ. అందుకని పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఒక రైతుని పట్టుకున్నాం. ఆయన ఊరి చెరువులో పూడిక తీస్తుంటే తన చెల్కలో, అంటే ఎర్రనేల మెట్ట పొలంలో, వేసుకోవడానికి తోలించుకుని గట్టు పక్కన కుప్ప పోయించాడు. 2015లో చెరువుల పూడిక తీసే ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయ మొదలైన దగ్గర్నుంచి ఆ ప్రాంతంలో చాలామంది చేస్తున్న పనే ఇది. ఎర్ర చెల్క నీళ్లు పట్టి ఉంచదు, చెరువు మట్టి పడితే పదును నిలుస్తుంది, ఎరువు ఖర్చూ కొంత తగ్గుతుంది.

కొంటానంటే ఆయన అమ్మనన్నాడు. "మట్టి అమ్ముకునుడేంది సారూ, బదులు తీస్కపో. మల్ల తెచ్చి పోయాలె." జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి రాసుకున్నాడు: నాలుగు ట్రాలీలు.

చెరువు మట్టి నల్లనిది, తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. వట్టిగా వాడితే రెండో రోజుకే వేలు దూరేంత పగుళ్లు వస్తాయి. మామూలుగా అయితే మొరం కలుపుతాం. మొరం కలిపిన మట్టి తిరిగి తెస్తే పొలంలో పోయనివ్వనన్నాడు రైతు. అప్పుడు తట్టింది, ఆయన పొలంలోని ఎర్రమట్టే కలపొచ్చు కదా అని. ఎలాగూ ఆ రెండూ ఆ పొలంలో కలవాల్సినవే. దాంతో నాలుగు ట్రాలీల్లో మూడు చెరువు మట్టి, ఒకటి చెల్క మట్టి అయ్యాయి. ఊక, నరికిన వరిగడ్డి వేసి ఐదు రకాల పాళ్లలో ఇటుకలు పోస్తే మూడు పగిలాయి.

నాలుగోదీ పగిలేదేమో గానీ అడుసు తొక్కడానికి వచ్చిన పాలమూరు ఆమె ఆపింది. తొట్టిలో చెయ్యి పెట్టి పిసికి, వాసన చూసి, "గిప్పుడే తొక్కుతె ఏమొస్తది సారూ, నాలుగొద్దులు కుళ్లనియ్యి" అంది. తడిపిన మట్టిలో గడ్డి నాలుగు రోజులు మాగితే మెత్తబడి జిగట వదులుతుంది, పగుళ్లు తగ్గుతాయి. నేను శిల్పంలో డిగ్రీ చదివినప్పుడు మట్టి గురించి మూడు నెలలు చెప్పారు. ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఐదో రోజు పొద్దున తొట్టిలోంచి పశువుల కొట్టం వాసన వచ్చింది. మట్టి అరచేతికి అంటుకోకుండా జారుతోంది. ఆ రోజే పని మొదలుపెట్టాం. చెక్కల మధ్య ఆరు అంగుళాలు పోయడం, దిమ్మిసతో కొట్టడం, మళ్లీ ఆరు అంగుళాలు.

సంస్థ పంపిన ఇంజినీరు మంచివాడే. ఐదు శాతం సిమెంట్ కలిపితే టెన్షన్ ఉండదన్నాడు. నిజమే, అలా కట్టిన మట్టిగోడలు చాలాకాలం నిలుస్తాయి. కానీ ఆ మట్టి మళ్లీ పొలానికి పోదు. ఇనుప రాడ్డు బదులు వెదురు పెట్టి, ఎత్తు కంటే ఎక్కువ దూరంలో చుట్టూ తాడు కట్టి, లోపలికి ఎవరినీ రానివ్వమని రాసిచ్చి సర్టిఫికెట్ తెచ్చుకున్నాం.

ఒక చెయ్యి

మట్టి జల్లెడ పడుతుంటే గుట్కా ప్యాకెట్లు, నత్త గుల్లలతోపాటు ఒక చిన్న చెయ్యి దొరికింది. అరచేతిలో లడ్డూ, వేళ్ల మధ్య ఇంకా బంగారు రంగు. ఊళ్లో ఎప్పుడో నిమజ్జనం చేసిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వినాయకుడిది. చెరువులో ఎన్నేళ్లున్నదో తెలీదు గానీ లడ్డూ మీద గీతలు కూడా చెరగలేదు.

ప్లాస్టర్ నీళ్లలో కరగదు అంటుంటారు, అది పూర్తిగా నిజం కాదు. జిప్సాన్ని 150 డిగ్రీల దగ్గర వేడి చేసి నీళ్లు చాలామటుకు పోగొడితే ప్లాస్టర్ పొడి అవుతుంది. మనం మళ్లీ నీళ్లు కలిపితే అది తిరిగి జిప్సం అయి బిగుసుకుంటుంది. ఆ జిప్సం లీటరు నీళ్లలో రెండున్నర గ్రాముల లోపే కరుగుతుంది. బురదలో కూరుకుపోయిందంటే ఆ కాస్తా కూడా ఉండదు. పైగా గాలి ఆడని అడుగు బురదలో దానిలోని సల్ఫేటు కుళ్లిన గుడ్ల వాసన వచ్చే వాయువుగా మారుతుంది. రంగుల్లో సీసం, క్రోమియం ఉంటే ఆ గొడవ వేరే.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో ప్లాస్టర్ విగ్రహాలు వద్దంది. 2021లో హుస్సేన్ సాగర్‌లో వాటి నిమజ్జనాన్ని తెలంగాణ హైకోర్టు ఆపితే, ఆ ఒక్క ఏడాదికీ అంటూ సుప్రీంకోర్టు సడలించింది. 2022లో ఖైరతాబాద్‌లో 50 అడుగుల వినాయకుణ్ణి మట్టితోనే నిలబెట్టారు. ఇవన్నీ అందరికీ తెలిసినవే. ఎవరూ అనని మాట ఒకటుంది. అందరూ వినాయకుడి విగ్రహాలు చేసే ధూల్‌పేట వాళ్లనే తిడతారు. ఆర్ట్ కాలేజీలో చదివిన మా షెడ్ల వెనక్కి ఎవరూ రారు. ప్రతి విగ్రహానికీ ముందు ప్లాస్టర్ అచ్చు తీస్తాం, పోత అయ్యాక పగలగొట్టి వెనక పారేస్తాం. నా షెడ్డు వెనక పదేళ్ల తెల్లగుట్ట ఉంది. వానకి దాని కింద గడ్డి కూడా సరిగ్గా మొలవదు.

ఈ పనిలోనూ ప్లాస్టర్ తప్పలేదు. స్తంభాల మీద కొర్రమీను, పీత, నత్త, కప్ప, కొంగ బొమ్మలు పచ్చిమట్టితో అచ్చుకొట్టి అతికించాలి. ఐదు అచ్చులు, ఆరాక మొత్తం 18 కిలోలు. చీటీలో ఆ గడి చాలారోజులు ఖాళీగానే ఉంది.

దారి పుణె నుంచి దొరికింది. అక్కడి జాతీయ రసాయన ప్రయోగశాల వాళ్లు ప్లాస్టర్ విగ్రహాల కోసమే ఒక పద్ధతి చెప్పారు: అమ్మోనియం బైకార్బొనేట్ కలిపిన నీళ్లలో వేయడం. బిస్కెట్లు పొంగడానికి బేకరీల్లో వాడేదే అది. కిలో జిప్సానికి దాదాపు కిలో పడుతుంది. నేను ఇరవై కిలోలు తెచ్చి, అచ్చుల్ని సుత్తితో చిన్న ముక్కలు చేసి, రెండు డ్రమ్ముల్లో వేశాను. మొదట ఏమీ కాలేదు. గంటకి సన్నగా బుడగలు మొదలయ్యాయి, సోడా సీసా మూత తీసినట్టు శబ్దం. సాయంత్రానికి అమ్మోనియా ఘాటుకి కళ్లు మండి, డ్రమ్ములు ఆరుబయట పెట్టాం. మర్నాడు చెయ్యి పెట్టి చూస్తే కొర్రమీను పొలుసుల అచ్చు వేళ్ల మధ్య పిండిలా జారింది. మూడో రోజుకి అడుగున తెల్లటి సుద్ద పేరుకుంది, పైన తేటనీరు. లెక్క ప్రకారం పది కిలోల పైచిలుకు సుద్ద, పద్నాలుగు కిలోలకి కొంచెం తక్కువ అమ్మోనియం సల్ఫేట్. ఆ నీళ్లని బాగా పలచన చేసి నిమ్మచెట్లకి పోశాను. చెరువులో దొరికిన ఆ చిన్న చేతిని మాత్రం డ్రమ్ములో వేయలేదు, బల్ల మీద ఉంది.

ఇదేదో మహత్తరమని చెప్పడం లేదు. అమ్మోనియా తయారీకి సహజవాయువు ఖర్చవుతుంది, బుడగల్లో వచ్చేది కార్బన్ డయాక్సైడే, నా 18 కిలోలకి ఓ నాలుగున్నర కిలోలు. అయినా గుట్ట పెరగలేదు. ఇప్పుడు పాత గుట్టని కూడా అలాగే కొంచెం కొంచెం తగ్గిస్తున్నాను.

వాన

జూన్ 5న అతిథులు వచ్చారు, ఫొటోలు దిగారు. యువ ఉద్యోగుల్లో చాలామంది అదేదో గుడి ద్వారం అనుకున్నారు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను డ్యూటీ దిగాక వచ్చి, చెప్పులు విడిచి, పైనుంచి కిందిదాకా చూశాడు. "మా తాత నీరటి సార్. కర్ర ఇటు సైడు కాదు, ఇంకింత నడుమకు రావాలె" అన్నాడు. మర్నాడు జరిపాం.

ఆ ఏడు నైరుతి ఆలస్యమైంది. జూన్ మూడో వారం దాకా చుక్క లేదు. కరిగే శిల్పం అని సోషల్ మీడియాలో ప్రకటించిన వాళ్ల కమ్యూనికేషన్స్ టీమ్‌కి టెన్షన్. "సార్, హోస్‌తో కొంచెం తడపొచ్చా?" అని అడిగారు. తీరా మొదటి వాన పడిన రాత్రి ఫెసిలిటీస్ టీమ్ పాడైపోతుందని నీలం టార్పాలిన్ కప్పేసింది. ఒకే సంస్థలో ఒక టీమ్ కరిగించాలంటుంది, ఒక టీమ్ కాపాడాలంటుంది. మూడు రోజులు ఈమెయిళ్లు నడిచాక టార్పాలిన్ తీశారు.

తీసేసరికి కింద వెచ్చటి చీకట్లో వరి మొలిచి ఉంది. ఊకలో, గడ్డిలో మిగిలిన గింజలు. మొదట పసుపుపచ్చగా, రెండ్రోజులు ఎండ తగిలాక ఆకుపచ్చగా, కుడి స్తంభం మీద కొర్రమీను నోట్లోంచి కూడా ఒక మొలక. ఇది నా ఆలోచన కాదు, చీటీలో లేదు. నా డిజైన్ కంటే జనం ఎక్కువ చూసింది దాన్నే. మాలీ రోజూ వచ్చి మొలకలు లెక్కపెట్టేవాడు.

జూలై చివరి వారంలో తెలంగాణ అంతా కుండపోత. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది ఆ వారమే. హైదరాబాద్‌లో అంత కాదు గానీ, మాకు చాలు. ఒక రాత్రి ఎడమ స్తంభం మొత్తంగా పక్కకి ఒరిగి పడిపోయింది. తాడు లోపలే పడింది, ఎవరికీ ఏమీ కాలేదు. అయినా తెల్లవారుజామున ఫోన్ వచ్చినప్పుడు నా చేతులు వణికిన మాట దాచను.

వెళ్లి చూస్తే పైభాగం గట్టిగానే ఉంది. అడుగు అడుగున్నర మేర కింది మట్టే జావలా ఉంది. అది వాన పని కాదు. లాన్‌లో స్ప్రింక్లర్లు రోజూ తెల్లవారి ఐదింటికి తిరుగుతాయి. రెండు నెలలుగా పాదాన్ని తడుపుతున్నాయి, మట్టి ఆ తడిని పైకి పీలుస్తోంది. నేను ఎప్పుడూ ఐదింటికి వెళ్లలేదు, అడగలేదు. పాతకాలపు మట్టి ఇళ్లకి కింద రాతి అరుగు ఎందుకు పెట్టేవాళ్లో తెలిసి కూడా, రాయి అంటే క్రేన్ అద్దె అని నేనే వదిలేశాను. తప్పు పూర్తిగా నాదే. ఇప్పుడైతే రెండు అడుగుల రాతి పీఠం లేకుండా మట్టి పని ఒప్పుకోను. రాయి తిరిగి అమ్ముడుపోతుంది, చీటీలో దానికి గడి దొరుకుతుంది.

లెక్క

అక్టోబర్‌లో కూర్చుని లెక్క వేశాను. ట్రాక్టర్ ట్రిప్పులు పోనూ రానూ ఏడు, డీజిల్ 60 లీటర్లు. లీటరుకి 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున 161 కిలోలు. నేను కారులో తిరిగిన పెట్రోలు 45 లీటర్లు, ఇంకో 104. ప్లాస్టర్ బుడగలు కలిపితే 270 కిలోలు. పాత చేపలో ఇనుము 140 కిలోలు, ఉక్కు తయారీకి బరువుకి రెండింతల కార్బన్ అనుకుంటే 280. చేపని లారీలో మోసిన డీజిల్ కలపలేదు గానీ, కలిపినా తేడా చెప్పుకునేంత ఉండదు. ఇంత చేసి, కార్బన్ లెక్కలో నేను నెగ్గింది పది కిలోలు! ఖర్చయిన 270లో నా కారు వాటా కూడా తక్కువేం కాదు. ఇది చెప్పకుండా మట్టి పని కాబట్టి పర్యావరణ హితం అని రాసుకుంటే అది కూడా ఇంకో రకం నీలం స్ప్రేనే.

పెద్దవాళ్ల లెక్కలూ అలాగే ఉంటాయి. కళాకారుడు ఓలఫుర్ ఎలియాసన్, భూగర్భ శాస్త్రవేత్త మినిక్ రోసింగ్ కలిసి 2015 వాతావరణ సదస్సు సమయంలో గ్రీన్‌లాండ్ మంచు దిమ్మలు పన్నెండు పారిస్‌కి తెచ్చి కరగనిచ్చారు. దానికైన కార్బన్ దాదాపు 30 టన్నులని లెక్క కట్టించి బయటపెట్టారు. మంచు మోసుకురావడం మీద నాకు ఇప్పటికీ అనుమానమే, కానీ లెక్క బయటపెట్టినందుకు వాళ్ల మీద గౌరవం. 1982లో ఆగ్నెస్ డీనెస్ అనే కళాకారిణి న్యూయార్క్‌లో, వాల్ స్ట్రీట్‌కి దగ్గర్లో, రెండెకరాల పూడ్చిన నేలలో గోధుమ వేసి వెయ్యి పౌండ్లకి పైగా పండించింది. ఆ నేలకి మట్టి 200 ట్రక్కుల్లో తోలారు. పంట ఫొటోలు అందరం చూశాం. ఆ ట్రక్కులు ఎవరికీ గుర్తుండవు. నాకు మాత్రం ఇప్పుడు ముందు అవే కనిపిస్తాయి.

ఇక మిగిలినవి. వెదురు మాలీ పందిరికి తీసుకున్నాడు. తాటి దూలాలు నా షెడ్డులో ఉన్నాయి. నీలం టార్పాలిన్ సెక్యూరిటీ అతని ఊళ్లో బర్రెల కొట్టం మీద. ఒక చోట కొబ్బరి తాడు అయిపోయి కుర్రాళ్లు నైలాన్ తాడు కట్టారని కూల్చినప్పుడు తెలిసింది. చీటీలో లేని వస్తువు అదొక్కటే, నలభై అడుగులు, ఇంకా నా డిక్కీలో ఉంది. ఆఖరి బిల్లు మాత్రం రెండు నెలలు ఆగింది. వాళ్ల అకౌంట్స్ విభాగానికి అసెట్ నంబర్ కావాలి, అసెట్ లేదు. చివరికి 'ఈవెంట్ ఖర్చు' కింద రాసి ఇచ్చారు.

మట్టి మూడు ట్రాలీలే తిరిగి వెళ్లింది. నాలుగోది కరిగి లాన్‌లో ఇంకిపోయింది. అక్కడ గడ్డి ఇప్పుడు మిగతా లాన్ కంటే ఒత్తుగా ఉందని మాలీ అంటాడు. రైతు తన నోటు పుస్తకంలో నాలుగు కొట్టేసి ఒకటి రాసుకున్నాడు. వేరే చోటి నుంచి కొని తెచ్చి పోస్తానంటే ఒప్పుకోలేదు, ఏ మట్టో ఏమో అన్నాడు. ఏటా ఎండాకాలంలో చెరువు ఎండగానే ఫోన్ చేస్తాడు. "సారూ, మంచిగున్నరా? ఒక ట్రాలీ బాకి ఉన్నది, యాది పెట్టుకోన్రి."